బీల్ జట్టు వదిలి పోయాడు, బాకీ మాత్రం 2030 దాకా మనదేనట. ఈ సన్స్ లెక్క ఎవరికైనా అర్థమైతే చెప్పండి

ఏడున్నర_మ్యాచ్ (హన్మకొండ)

ముందే చెప్తున్నా, ఇందులో సగం డౌట్, సగం ఏడుపు. ఓపిక లేనివాళ్లు కిందికి పోయి ప్రశ్న ఒక్కటి చదువుకోండి.

నేను 2021 నుంచి ఫీనిక్స్ సన్స్ ఫ్యాన్‌ని, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అరిజోనా జట్టు. పెద్ద కథేం లేదు. కరోనాలో హాస్టల్ మూసేసి ఇంటికి పంపితే, పొద్దున్నే లేచి చేసేదేం లేక ఏదో ఒక లైవ్ మ్యాచ్ పెట్టుకునేవాణ్ణి, అలా తగులుకుంది ఈ దరిద్రం. అరిజోనాలో ఎండాకాలం వస్తే గడియారం ముందుకు జరపడం లాంటివి ఉండవు కాబట్టి వాళ్ల రాత్రి 7 గంటలు ఏడాది పొడుగునా మనకు పొద్దున ఏడున్నరే. ఉద్యోగం వచ్చాక కూడా అదే అలవాటు. నైంనగర్‌లో మా గల్లీ చివర టిఫిన్ సెంటర్‌లో ప్లేటు ఇడ్లీ చెప్పి, ఫోన్‌ను స్టీలు గ్లాసుకు ఆనించి, రెండు క్వార్టర్లు, అంటే సగం ఆట, చూసి ఆఫీసుకు పోతా. ఫోన్ కవర్ మూలకు సాంబారు పట్టి పచ్చగా అయిపోయింది, ఎంత తోమినా పోదు. టిఫిన్ సెంటర్ కాకాకు బాస్కెట్‌బాల్ అంటే ఏందో తెలియదు కానీ నా మొఖం చూసి స్కోర్ చెప్పేస్తాడు. మొన్న ఏప్రిల్‌లో "ఈసారి కూడా పాయెనా బిడ్డా" అని ఒక వడ తెచ్చి ప్లేట్లో వేసి పైసలు తీసుకోలేదు. ఆయన అంత జాలిపడే పరిస్థితికి వచ్చాం.

ఓడిపోవడం నాకు కొత్త కాదు. 2021 ఫైనల్స్‌లో బక్స్ మీద 2-0తో ముందుండి 4-2తో ఓడిపోయాం. ఆ తర్వాతి ఏడాది 64 మ్యాచ్‌లు గెలిచి, ఏడో మ్యాచ్‌లో సొంత కోర్టులో డల్లాస్ చేతిలో 33 పాయింట్ల తేడాతో తన్నులు తిన్నాం. అవి ఆటలో ఓటములు, రెండు రోజులు అన్నం సయించదు, తర్వాత అదే పోతుంది. కానీ 2023 నుంచి జరిగేది వేరే. ఫిబ్రవరిలో మ్యాట్ ఇష్బియా 4 బిలియన్ డాలర్ల విలువ కట్టి జట్టును కొన్నాడు, వారం తిరగకముందే కెవిన్ డూరంట్‌ను తెచ్చాడు. దానికి మికాల్ బ్రిడ్జెస్, క్యామ్ జాన్సన్, జే క్రౌడర్, వీళ్లు కాక ఏ షరతూ లేని నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్‌లు. ఆ రోజు నేను ఆఫీసులో కుర్చీ మీద నుంచి ఎగిరి గంతేశా, అబద్ధం ఎందుకు. జూన్‌లో క్రిస్ పాల్‌ను ఇచ్చి బ్రాడ్లీ బీల్‌ను తెచ్చారు. అప్పుడు కూడా గంతేశా, కొంచెం తక్కువ.

తర్వాత ఏమైంది, 2024లో మొదటి రౌండ్‌లో మిన్నెసోటా చేతిలో 4-0తో ఓటమి. 2024-25లో 8-1తో మొదలుపెట్టి 36-46తో ముగించాం, ప్లేఆఫ్స్ సంగతి దేవుడెరుగు, దానికి ముందుండే ఆఖరి ఛాన్సు ప్లే-ఇన్ కూడా లేదు. కోచ్‌లు చూస్తే, మాంటీ విలియమ్స్ పోయాడు, ఫ్రాంక్ వోగెల్ ఒక్క సీజన్, మైక్ బుడెన్‌హోల్జర్ ఒక్క సీజన్, ఇప్పుడు జోర్డన్ ఆట్. మా ఆఫీసులో వాటర్ క్యాన్ వేసే అబ్బాయి కూడా ఇంత తొందరగా మారడు. 2025 జూలైలో డూరంట్ హ్యూస్టన్‌కు పోయాడు. బీల్‌ను ట్రేడ్ కూడా చేయలేక, అంటే వేరే జట్టుతో మార్చుకోలేక, పైసలిచ్చి పంపేశారు, ఆయన హాయిగా క్లిప్పర్స్ జట్టులో చేరాడు.

నా ప్రశ్న ఇదీ. మనిషి వెళ్లిపోయాక కూడా ఐదేళ్ల పాటు ఏటా 19 మిలియన్ల పైన మన ఖాతాలో ఎందుకు ఉంటుంది? రెండోది, మా తమ్ముడు అంటాడు, "ఓనర్ పైసలు ఓనర్ తగలేసుకున్నాడు, నడుమ నీకేం నొప్పి రా" అని. నిజంగానే మనకేం కాదా? లీగ్ పాస్, అంటే మ్యాచ్‌లు లైవ్‌లో చూసే చందా, మళ్లీ కట్టాలా వద్దా అన్నది మీ జవాబుల మీద ఆధారపడి ఉంది.

పర్పుల్_గోల్డ్ (పెద్దపల్లి)

ఏనుగులు కొని అంకుశం దగ్గర బేరమాడారు. మూడు ఏనుగులు, బాల్ తెచ్చి అందించే పాయింట్ గార్డ్ ఒక్కడు లేడు. గంతే కథ, దీనికి ఇంత పెద్ద పోస్టా.

ఏడున్నర_మ్యాచ్

లేకర్స్ బ్యాచ్ దిగింది. 2025 మొదటి రౌండ్‌లో అదే మిన్నెసోటా చేతిలో 4-1 ఎవరో గుర్తుందా అన్నా?

పర్పుల్_గోల్డ్ (పెద్దపల్లి)

ఒక్కటి గెలిచినం కదా. మీరు అది కూడా లేదు. పైగా మీ పాత సెంటర్ ఏటన్ ఇప్పుడు మా దగ్గరికే వచ్చిండు.

ఏడున్నర_మ్యాచ్

ఏటన్‌ను మీరే ఉంచుకోండి, మనస్ఫూర్తిగా చెప్తున్నా.

అడ్తి_గుమాస్తా (వరంగల్)

తమ్మీ, నేను ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో ఖాతాలు రాసే మనిషిని. మిర్చి సీజన్ అయిపోయింది, పత్తి ఇంకా రాలేదు, తీరుబడిగా ఉన్నా కాబట్టి వివరంగా రాస్తా. ఈ ఆట నాకు మా కొడుకు అంటించాడు. వాడికి డంకులు ఇష్టం, నాకేమో ఈ జీతాల లెక్కల మీద మోజు.

2024-25 సీజన్‌కు ఒక్కో జట్టుకు జీతాల హద్దు, అంటే క్యాప్, 140.6 మిలియన్ డాలర్లు. ఇది ఐపీఎల్ పర్సు లాగా గట్టి హద్దు కాదు, దాటడానికి సందులు ఉన్నాయి. సొంత ఆటగాణ్ణి మళ్లీ తీసుకుంటే దాటొచ్చు, ట్రేడ్‌లో ఇటు జీతం అటు జీతం దాదాపు సరిపోతే దాటొచ్చు. 170.8 దాటితే లగ్జరీ ట్యాక్స్ మొదలు. ఆ పైన 178.1 దగ్గర ఫస్ట్ ఏప్రన్ అని ఒక గీత, 188.9 దగ్గర సెకండ్ ఏప్రన్ అని ఇంకో గీత. ఇప్పుడు మీ ముగ్గురు స్టార్ల జీతాలు పక్కన రాసుకో. డూరంట్ 51.2, బీల్ 50.2, మీ పాత మనిషి డెవిన్ బుకర్ 49.2. మొత్తం 150.6. అంటే ముగ్గురితోనే క్యాప్ దాటిపోయింది, మిగతా పన్నెండు మంది పేర్ల ఎదురుగా ఇంకా పైసా రాయనే లేదు. నేను ఈ అంకెలు మొదటిసారి కాగితం మీద కూడినప్పుడు తప్పు పడిందేమో అని మళ్లీ కూడాను.

ట్యాక్స్ కూడా సాదాసీదా ట్యాక్స్ కాదు. హద్దు దాటిన మొదటి మెట్టులో డాలర్‌కు డాలరున్నర, మెట్లు ఎక్కే కొద్దీ డాలర్‌కు మూడు డాలర్లు దాటుతుంది. మా దగ్గర నూటికి మూడు రూపాయల మిత్తి అంటేనే రైతు రెండుసార్లు ఆలోచిస్తాడు, ఇది నూటికి మూడు వందలు. జీతాలు 200 మిలియన్లు దాటాయి, ట్యాక్స్ ఒక్కటే 150 మిలియన్లు దాటింది. మన లెక్కలో ఆ ట్యాక్స్ ఒక్కటే 1,200 కోట్ల రూపాయల పైన. దానికి చేతికొచ్చిన పంట 36 గెలుపులు.

ఇంతవరకే అయితే మీ తమ్ముడు చెప్పింది కరెక్టే, ఇష్బియా జేబు, ఇష్బియా ఇష్టం. కానీ 2023లో లీగ్‌కు, ఆటగాళ్లకు మధ్య కుదిరిన కొత్త ఒప్పందంలో ఈ సెకండ్ ఏప్రన్ పెట్టారు చూడు, దాని శిక్షలు పైసలు కడితే తీరేవి కావు. ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి ట్రేడ్‌లో తెచ్చుకోవడం కుదరదు. ట్రేడ్‌లో నగదు పంపడం కుదరదు. మిడ్-లెవెల్ ఎక్సెప్షన్ ఉండదు, అంటే బయట నుంచి కొత్తవాణ్ణి తేవాలంటే కనీస జీతానికి ఒప్పుకునేవాళ్లలోనే ఏరుకోవాలి. ఏడేళ్ల అవతలి ఫస్ట్ రౌండ్ పిక్‌ను ఫ్రీజ్ చేస్తారు, అమ్ముదామన్నా అమ్మనీయరు. తప్పు చేశామని తెలిసినా దిద్దుకునే దారులు మూసేస్తారన్నమాట. పైసల నొప్పి ఓనర్‌ది, ఈ నొప్పి జట్టుది.

ఇక బీల్. 2022లో వాషింగ్టన్ ఆయనకు 5 ఏళ్లకు 251 మిలియన్ల కాంట్రాక్ట్ రాసిచ్చింది, అందులో నో-ట్రేడ్ క్లాజ్ ఉంది, ఆయన ఒప్పుకోకపోతే ఎక్కడికీ పంపలేరు. ట్రేడ్ చేస్తే ఆ క్లాజ్ కూడా వెంట వచ్చింది. ఇల్లు కొంటే లోపల కిరాయికి ఉన్నాయన కూడా దస్తావేజుతో పాటు వచ్చినట్టు, ఆయన లేవనంటే లేవడు. 2025లో జిమ్మీ బట్లర్‌ను తెద్దామన్న ముచ్చట నడిచినప్పుడు కూడా అడ్డం పడింది ఇదే. అప్పటికి ఇంకా రెండేళ్లకు దగ్గర దగ్గర 110 మిలియన్లు ఇవ్వాల్సి ఉండింది. సెటిల్‌మెంట్‌లో ఆయన సుమారు 14 వదులుకున్నాడు, 97 దాకా మిగిలింది. దీన్ని స్ట్రెచ్ చేశారు, అంటే ఎక్కువ ఏళ్ల కిస్తీలుగా పరిచారు. రూల్ ఏంటంటే మిగిలిన ఏళ్లను రెట్టింపు చేసి ఒకటి కలపాలి, రెండు రెళ్లు నాలుగు, ఒకటి కలిపితే ఐదు. 97ను ఐదుతో భాగిస్తే ఏటా 19.4. అదీ నువ్వు అడిగిన అంకె, 2029-30 సీజన్ దాకా.

ఆ 14 మిలియన్లు ఆయన మంచితనంతో వదిలాడనుకోవద్దు. స్ట్రెచ్ చేసిన బాకీలన్నీ కలిపి క్యాప్‌లో 15 శాతం దాటకూడదు. 2025-26 క్యాప్ 154.6, అందులో 15 శాతం 23.2. అప్పటికే ఆ ఖాతాలో నస్సీర్ లిటిల్ లాంటివాళ్ల పాత కిస్తీలు కూర్చుని ఉన్నాయి. అవి తీసేస్తే బీల్‌కు మిగిలింది 19.4 మాత్రమే. పాత కిస్తీ తీరకముందే కొత్త కిస్తీ రాయాలంటే ఆయనే తగ్గాల్సి వచ్చింది. దీంతో ఏప్రన్‌ల కిందికైతే దిగారు, ట్రేడ్ చేసుకునే స్వేచ్ఛ వచ్చింది. ఆ ధర ఐదేళ్లు. ఇది తెలివైన పనా కాదా అంటే, ఇరుక్కున్నాక ఇంతకన్నా మంచి దారి నాకైతే కనబడలేదు. అసలు ఇరుక్కోవడం గురించే నా బాధ.

కబడ్డీ_బ్యాచ్ (జనగామ)

నేను ఈ ఆట పెద్దగా చూడను, కానీ చదువుతుంటే మజా వస్తోంది. ఈ పిక్ అంటే ఏంటన్నా? కబడ్డీ వేలం లాంటిదా?

అడ్తి_గుమాస్తా (వరంగల్)

వేలం కాదు తమ్మీ. ఏటా కాలేజీల నుంచి, విదేశాల నుంచి వచ్చే కుర్రాళ్లను జట్లు వరుసగా ఎంచుకుంటాయి, అది డ్రాఫ్ట్. ఎంత ఘోరంగా ఆడిన జట్టుకు అంత ముందు వరుసలో అవకాశం, లాటరీ కూడా ఉంటుంది. ఆ వరుసలో నీ నంబరే పిక్. దాన్ని ముందే వేరేవాళ్లకు ఇచ్చేశావనుకో, నువ్వు ఓడిన కొద్దీ వాళ్లకు లాభం. ఓటమి మనది, పళ్లు వాళ్లవి.

సన్స్ విషయంలో ఇంకో తమాషా ఉంది. డూరంట్ కోసం బ్రూక్లిన్‌కు ఇచ్చిన పిక్‌లలో 2025ది చేతులు మారి హ్యూస్టన్‌కు పోయింది. మనం బాగా ఓడాం కాబట్టి అది పదో నంబర్ అయింది. ఇప్పుడు డూరంట్‌ను హ్యూస్టన్‌కు ఇస్తే వాళ్లు జేలెన్ గ్రీన్, డిల్లన్ బ్రూక్స్, ఐదు సెకండ్ రౌండ్ పిక్‌లతో పాటు ఆ పదో నంబరే మనకు తిరిగి ఇచ్చారు. దానితోనే ఖమాన్ మలువాచ్‌ను తీసుకున్నాం. మన బస్తాను మనమే మళ్లీ కొనుక్కున్నాం, నడుమ తరుగు పోయింది.

కబడ్డీ_బ్యాచ్ (జనగామ)

తరుగు అన్నాక పూర్తిగా అర్థమైంది 😂

కాజీపేట_జంక్షన్

గుమాస్తా అన్న లెక్కకు దండం, కానీ నేను ఒప్పుకోను. పైసలు పెట్టడమే తప్పన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ. గోల్డెన్ స్టేట్ 2022లో 150 మిలియన్ల పైన ట్యాక్స్ కట్టలేదా? కప్పు కొట్టారు కదా. బోస్టన్ 2024లో కొట్టింది, 2025 ఎండాకాలంలో జ్రూ హాలిడేను, పోర్జింగిస్‌ను పంపేసి బాకీ దించుకుంది. వాళ్లు దావత్ తిని బిల్లు కట్టారు. మనం తినకుండా కట్టాం, తేడా అంతే.

నా కంప్లైంట్ ఖర్చు మీద కాదు, ఏం కొన్నారన్న దాని మీద. డూరంట్, బుకర్, బీల్ ముగ్గురూ దాదాపు ఒకే పని చేసేవాళ్లు, బాల్ చేతికిస్తే మిడ్-రేంజ్‌లో లేచి వేస్తారు. బాల్ తెచ్చి ఇచ్చేవాడు ఎవడు? క్రిస్ పాల్‌ను ఇచ్చే కదా బీల్‌ను తెచ్చింది. 2023-24 అంతా సరైన పాయింట్ గార్డ్ లేకుండా ఆడించారు, తర్వాతి ఏడాది టైయస్ జోన్స్ కనీస జీతానికి వస్తే ఆయన్ని పెట్టారు, పాపం ఆయన ఆరడుగుల మనిషి, డిఫెన్స్‌లో ఎంతని ఆపుతాడు. 2024-25లో మన డిఫెన్స్ లీగ్‌లో అట్టడుగు జట్లలో ఒకటి. 2025 జనవరిలో బీల్‌ను బెంచ్ మీద కూర్చోబెట్టారు, 50 మిలియన్ల మనిషిని! ఇంట్లో ఫ్రిజ్ కొని కరెంట్ బిల్లు ఎక్కువ వస్తుందని స్విచ్ తీసి లోపల బట్టలు పెట్టుకున్నట్టు.

ఇష్బియాను మాత్రం నేను పూర్తిగా తిట్టను. వచ్చీ రాగానే మ్యాచ్‌లను కేబుల్ నుంచి తీసి అక్కడి జనానికి యాంటెన్నాతో ఫ్రీగా చూసేలా చేశాడు. స్టేడియంలో హాట్ డాగ్, నీళ్లు, పాప్‌కార్న్ 2 డాలర్లకే పెట్టాడు. మన దగ్గర మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ ధర చూసి ఆ మాట అనండి. పాత ఓనర్ కన్నా ఎన్నో రెట్లు నయం. తొందర ఎక్కువ, అంతే. ఇద్దరు కోచ్‌లకు ఐదేళ్ల కాంట్రాక్ట్‌లిచ్చి ఏడాదికే పంపేయడం, అది మాత్రం నేను కూడా క్షమించను.

పర్పుల్_గోల్డ్ (పెద్దపల్లి)

2 డాలర్ల హాట్ డాగ్ తింటూ 36 గెలుపులు చూడండి. సెట్ అయింది.

కోర్టు_మేడమ్ (హన్మకొండ)

రెండో ప్రశ్నకు, "మనకేం నొప్పి" అన్నదానికి నేను జవాబిస్తా. నేను పీఈటీని, పాతికేళ్లుగా అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తున్నా. ఎన్‌బీఏ లెక్కలు మీ అంత తెలియవు. కానీ ఇదే సినిమా చిన్న తెర మీద నా కళ్లతో చూశాను.

కొన్నేళ్ల కింద ఇక్కడ ఒక క్లబ్ ఉండేది, పేరు వద్దు. పొద్దున ఐదున్నరకు సిమెంట్ కోర్టులో పది పన్నెండు మంది పిల్లలు ఆడేవాళ్లు. కోర్టు ఊడ్చుకునేది వాళ్లే, రాత్రి వాన పడితే గోనె సంచులతో నీళ్లు తీసేది వాళ్లే. ఒక పెద్దమనిషి వచ్చి నేను నడిపిస్తా అన్నాడు. సంతోషించాం. దసరా సెలవుల్లో టోర్నమెంట్ ఉంది, ఎలాగైనా కప్పు కొట్టాలని హైదరాబాద్ నుంచి ముగ్గురు గెస్ట్ ప్లేయర్లను తెచ్చాడు. ఆరడుగుల మూడు అంగుళాలు, నాలుగు అంగుళాలు, చూడ్డానికే బాగుండేవాళ్లు. వాళ్లకు తలా పదిహేను వేలు, ఏసీ రూము, రానుపోను ఖర్చులు. చౌరస్తాలో ఫ్లెక్సీ, నడుమ పెద్దమనిషి ఫొటో, చుట్టూ ఆ ముగ్గురు. ఐదేళ్ల నుంచి ఆడుతున్న మా పిల్లలు ఫ్లెక్సీలో లేరు, ఐదుగురిలోనూ లేరు, బెంచ్ మీద వాటర్ బాటిళ్లు పట్టుకొని కూర్చున్నారు.

నేను స్కోర్ టేబుల్ దగ్గర ఉన్నా. మొదటి రెండు మ్యాచ్‌లు ఎగిరెగిరి గెలిచారు. సెమీస్‌లో ఒక డిగ్రీ కాలేజీ టీమ్, అందరూ పొట్టివాళ్లే, కానీ నాలుగేళ్లుగా కలిసి ఆడుతున్నవాళ్లు. మా ముగ్గురికీ బాల్ ఒకే చోట కావాలి, ఫ్రీ త్రో గీత కుడి కొన దగ్గర. ఒకడు అక్కడికి వస్తే ఇంకొకడు చేతులు నడుముకు పెట్టుకొని నిలబడేవాడు. బాల్ పోతే వెనక్కి ఉరికేవాడు లేడు. మూడో క్వార్టర్‌కు పదహారు పాయింట్లు వెనకబడ్డాం. పెద్దమనిషి టైమవుట్‌లో కోచ్‌ను పక్కకు నెట్టి తనే చెప్పడం మొదలుపెట్టాడు, మర్నాడు ఆ కోచ్‌ను తీసేశాడు కూడా. ఆ ముగ్గురు అదే రాత్రి బస్సెక్కి పోయారు, వాళ్ల తప్పేం లేదు, పిలిచారు, వచ్చారు, ఆడారు.

అసలు నొప్పి తర్వాత. క్లబ్ ఖాతాలో ఏం మిగల్లేదు. రింగుకు నెట్ చిరిగిపోతే కొత్తది వేయడానికి రెండేళ్లు పట్టింది. నెట్ లేకపోతే ఏమవుతుందో ఆడనివాళ్లకు తెలియదు, పక్క నుంచి వేసిన బాల్ లోపల పడి పోయిందో, రింగు వెనక నుంచి పోయిందో కనిపించదు. ప్రతి రెండో షాట్‌కు "పడింది" "పడలే" అని లొల్లి, చిన్న పిల్లలు కొట్టుకునేదాకా వచ్చేది. బాల్ ఒక్కటే మిగిలింది, పట్టు అరిగి గుండులా నున్నగా అయింది, చెమట చేతుల్లోంచి జారిపోయేది. ఆ ఏడాది మా అమ్మాయిల సమ్మర్ క్యాంప్ జరగలేదు. ఫ్లెక్సీని మాత్రం తెచ్చి సామాను గది రేకుల మీద కప్పాం, వాన కురవకుండా బాగా పనికొచ్చింది.

కాబట్టి బాబూ, మీ తమ్ముడికి చెప్పు. నొప్పి పెద్దమనిషికి కాదు, బెంచ్ మీద బాటిళ్లు పట్టుకున్న పిల్లలకు. సన్స్‌లో ఆ పిల్లాడు నా దృష్టిలో బుకర్. 2015లో పదమూడో పిక్‌గా వచ్చాడు, ఇరవై ఏళ్లకే బోస్టన్ మీద 70 పాయింట్లు కొట్టాడు, జట్టు అడుగున ఉన్నప్పుడు ఉన్నాడు, ఫైనల్స్ దాకా తెచ్చాడు. 2025 జూలైలో ఇంకో రెండేళ్లకు 145 మిలియన్లతో సంతకం కూడా చేశాడు, అది 2029-30 దాకా. గుమాస్తా అన్న పైన రాసిన తారీకు చూడండి. బీల్ ఆఖరి కిస్తీ, బుకర్ ఆఖరి సీజన్, రెండూ ఒకే ఏడాది.

ఏడున్నర_మ్యాచ్

మేడమ్, ఆఖరి లైన్ చదివి ఫోన్ పక్కన పెట్టేశా కాసేపు. అది నాకు తట్టనే లేదు. బుకర్ అక్కడ సంతకం పెట్టిన ప్రతి ఏడాదీ పక్కన బీల్ బాకీ కూర్చుని ఉంటుందన్నమాట.

కాజీపేట అన్నా, నువ్వు చెప్పింది సగం ఒప్పుకుంటా. కానీ "తొందర ఎక్కువ, అంతే" అని తేలిగ్గా తీసేశావు చూడు, అక్కడే నాకు మండుతోంది. ఆయన వ్యాపారం ఏంటో తెలుసు కదా, ఇళ్లకు అప్పులిచ్చే మార్ట్‌గేజ్ కంపెనీ. తాకట్టు అంటే ఏంటో, కిస్తీ తప్పితే ఏమవుతుందో రోజూ చూసే మనిషి. అదే మనిషి 2031 దాకా పిక్‌లను, 2030 దాకా క్యాప్‌ను తాకట్టు పెట్టాడు. పైగా కాలేజీలో తనే మిచిగన్ స్టేట్‌కు ఆడాడు, 2000లో ఛాంపియన్ అయిన జట్టులో బెంచ్ మీద కూర్చున్నవాడు. మేడమ్ చెప్పిన బాటిళ్ల పిల్లల్లో ఆయనా ఒకడే! కొత్త జనరల్ మేనేజర్ బ్రయాన్ గ్రెగరీ కూడా అక్కడ కోచింగ్ స్టాఫ్‌లో పనిచేసినవాడే, కొత్త కోచ్ ఆట్ కూడా ఒకప్పుడు అక్కడ పనిచేసినవాడే. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ప్రెసిడెంట్, సెక్రటరీ, క్యాషియర్ ఒకే ఊరివాళ్లు, లిఫ్ట్ ఆగిపోతే ఒకరి మొఖం ఒకరు చూసుకుంటారు తప్ప తప్పెవరిదో ఎవరూ అనరు. అదీ నా భయం. ఆట్ మంచి కోచ్ కావొచ్చు, ఆయన్ని ఏమీ అనట్లేదు, కనీసం రెండేళ్లు ఉంచితే చాలు.

కాజీపేట_జంక్షన్

తాకట్టు పాయింట్‌కు నా దగ్గర జవాబు లేదు తమ్మీ, ఒప్పుకుంటున్నా. ఒకే ఊరివాళ్లు అన్నది మాత్రం అన్యాయం, మనం కూడా వరంగల్ వాళ్లం అంటేనే కదా ఇక్కడ ఇంత సేపు మాట్లాడుకుంటున్నాం.

పర్పుల్_గోల్డ్ (పెద్దపల్లి)

నేను పెద్దపల్లి.

కాజీపేట_జంక్షన్

మీ రైలు మా జంక్షన్ మీద నుంచే పోవాలి. కూర్చో.

అడ్తి_గుమాస్తా (వరంగల్)

లీగ్ పాస్ ప్రశ్న మిగిలిపోయింది. అక్టోబర్ దాకా ఆగు తమ్మీ, పది మ్యాచ్‌ల స్కోర్లు ఊరికే చూడు, అప్పుడు కట్టు. బయానా ముందే ఇవ్వొద్దు. మీ ఓనర్ చేసిన పని నువ్వు చేయకు.

ఏడున్నర_మ్యాచ్

సరే అన్నా, ఆగుతా. నిజం చెప్పాలంటే ఆగలేనేమో కూడా, ఆ టిఫిన్ సెంటర్‌లో ఊరికే ఇడ్లీ తింటే ఏం చేయాలో తోచదు.

ఇంకో మాట, నా దగ్గర డూరంట్ 35 నంబర్ జెర్సీ ఉంది, కాపీదే కానీ గుడ్డ మంచిది. నిన్న మా అమ్మ దాన్ని బండి తుడవడానికి తీసింది, చేతిలోంచి లాక్కున్నా. ఎవరికైనా కావాలంటే చెప్పండి, పైసలొద్దు.

కోర్టు_మేడమ్ (హన్మకొండ)

నాకివ్వు. మా దగ్గర తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉంది, అయిదడుగుల పది అంగుళాలు, స్కూల్ టీ-షర్టులు భుజాల దగ్గర పట్టట్లేదు. ఆదివారం పొద్దున ఆరింటికి కోర్టు దగ్గరికి తీసుకురా. షూస్ వేసుకొని రా, మనిషి తక్కువైతే నిన్ను కూడా ఆడిస్తా.